ఎలక్ట్రానిక్ సాక్ష్య పరిశీలన - రుసుము, బిల్లు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నేపథ్యం

కీలకపదాలు: కంప్యూటర్ ఫోరెన్సిక్స్, భారతీయ సాక్ష్య అధినియమ్, హ్యాష్ విలువ, నిపుణుడి ధ్రువపత్రం, రుసుము

ప్రవేశిక

చేబదులుకు ప్రామిసరీ నోటు రాయించుకొనే అలవాటు ఉత్తరాంధ్రలో ఇంకా ఉన్నది. అయితే బేరసారాల మాటలు చాలావరకు ఫోనులోకి చేరాయి. పలాస జీడిపప్పు వ్యాపారి ధర ఖాయం చేసుకొనేదీ, రాజాం దుకాణదారు బాకీ ఒప్పుకొనేదీ తరచు వాట్సాప్ సందేశంలోనే. తగవు ముదిరి కోర్టుకు చేరినప్పుడు ఆ సందేశం సాక్ష్యంగా నిలవాలి. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ఇందుకు రెండు భాగాల ధ్రువపత్రాన్ని నిర్దేశించింది. మొదటి భాగాన్ని సాక్ష్యం దాఖలు చేసే పక్షమూ, రెండో భాగాన్ని నిపుణుడూ పూరించాలి. రికార్డు హ్యాష్ విలువను, దాన్ని ఏ పద్ధతిలో లెక్కించారో రెండింటిలోనూ పేర్కొనాలి.

పాత చట్టంలోని 65బి సెక్షను కింద నిపుణుడి సంతకం అవసరం ఉండేది కాదు. ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో తేల్చి, 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో స్థిరపరచినా, అది ఒక్క సంతకంతో సరిపోయేది. రెండో సంతకం వచ్చింది గాని దాని వెల ఎంతో చట్టం చెప్పలేదు. క్రిమినల్ కేసులలో పోలీసులు పంపే పరికరాలను ప్రభుత్వ ప్రయోగశాలలు పరిశీలిస్తాయి. సివిల్ తగవులలోను, సంస్థల అంతర్గత విచారణలలోను ప్రైవేటు నిపుణుడు తన రుసుమును ఏ ప్రాతిపదికన నిర్ణయించాలన్నదే ఈ వ్యాసం పరిధి.

యంత్రం పనిచేసిన కాలం, మనిషి పనిచేసిన కాలం

పరిశీలనలో తొలి మెట్టు అసలు డిస్కును తాకకుండా దానికి పూర్తి నకలు, అంటే ఇమేజ్, తీయడం. ఒక టెరాబైట్ హార్డ్ డిస్కును సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో చదివితే 10,000 సెకన్లు, సుమారు 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. నకలు సరిపోలిందో లేదో చూడడానికి దాన్ని మళ్లీ చదివితే దాదాపు అంతే సమయం. ఈ అయిదున్నర గంటలలో నిపుణుడు చేసే పని అరగంటకు మించదు. మొత్తం కాలానికీ గంటల లెక్కన వసూలు చేయడం న్యాయం కాదు. అందుచేత ఇమేజ్‌కు డిస్కు పరిమాణాన్నిబట్టి స్థిరమైన మొత్తాన్నీ, విశ్లేషణకు గంటల లెక్కనూ పెట్టడం సమంజసం.

విశ్లేషణకు పట్టే కాలం డిస్కు పరిమాణం మీద కాక అడిగిన ప్రశ్న మీద ఆధారపడుతుంది. "ఇందులో ఏముందో చూడండి" అన్నది అంతులేని పని. "మార్చి 10, 20 తేదీల మధ్య టాలీ ఫైలును ఏ లాగిన్ నుంచి మార్చారు?" అన్నది హద్దున్న పని. ప్రశ్నను ఇలా కుదించి రాతలో పెట్టుకోవడమే కక్షిదారుకు అసలైన తగ్గింపు.

ఒక ఊహాత్మక లెక్క

విజయనగరంలో ఒక దుకాణదారు 60,000 రూపాయల బాకీ కోసం దావా వేయదలచి, గుమాస్తా చెరిపేసిన లెక్కలను వెలికితీయమని కోరాడనుకుందాం. ఇమేజ్‌కు 6,000, విశ్లేషణకు గంటకు 1,500 చొప్పున 8 గంటలకు 12,000, నివేదికకు 4 గంటలకు 6,000, నకలు ఉంచే కొత్త డిస్కుకు 4,500: మొత్తం 28,500. జీఎస్టీ 18 శాతం చొప్పున 5,130 కలిపితే 33,630 రూపాయలు. ఇవి మార్కెట్ ధరలు కావు, లెక్క కోసం తీసుకొన్న అంకెలు. అయినా వచ్చేదానిలో సగానికి పైగా ఖర్చయ్యే పరిశీలనకు ఏ చిన్న వ్యాపారి ముందుకు వస్తాడు?

ఇక్కడ దశలవారీ అంచనా ఉపయోగపడుతుంది. ముందు ఇమేజ్ తీసి, రెండు గంటలు మాత్రం చూసి, చెరిపిన ఫైలు తిరిగి దొరికే అవకాశం ఉందో లేదో చెప్పాలి. లేదంటే పని అక్కడే ఆగుతుంది, మిగిలిన రుసుము పడదు. అంచనా మొత్తం దాటవలసివస్తే రాతపూర్వక అనుమతి లేకుండా ముందుకు పోరాదన్న షరతు ఒప్పందంలో ఉండాలి. జీఎస్టీ నమోదు లేని నిపుణుడు ఆ పన్నును బిల్లులో వేయరాదు. సేవల వార్షిక టర్నోవరు 20 లక్షలు దాటితే నమోదు తప్పదు.

ఒక్క సందేశానికి రెండో భాగం ధ్రువపత్రం మాత్రమే కావలసినవారికి ఇంత తంతు అక్కరలేదు. తక్కువ స్థిర రుసుము చాలు. కానీ పరికరాన్ని చూడకుండా, హ్యాష్ తానుగా లెక్కించకుండా వందో రెండు వందలో పుచ్చుకొని సంతకం చేస్తే అది కోర్టు గేటు దగ్గర వేయించుకొనే ముద్ర కన్నా మెరుగేమీ కాదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్నకే అది కూలుతుంది. రికార్డును దాఖలు చేసే ప్రతి సందర్భంలోనూ ధ్రువపత్రం జతచేయాలని సెక్షను చెబుతున్నది కనుక, మలి ప్రతికి ఎంత తీసుకొనేదీ ముందే చెప్పాలి.

ప్రయాణం, వాయిదా

విశాఖపట్నం నుంచి నిపుణుడిని రప్పిస్తే శ్రీకాకుళం నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం; ఇచ్ఛాపురమైతే రెండు వందలకు పైనే. అంత దూరం వచ్చాక కేసు వాయిదా పడితే ఆ రోజు ఎవరి ఖాతాలోకి వెళ్లాలి? బిల్లుల తగాదాలకు ఇది సహజమైన మూలం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ ఆర్డరు 2వ రూలు ప్రకారం, సమను కోరిన పక్షం సాక్షి ప్రయాణ ఖర్చులను కోర్టులో జమచేయాలి. నిపుణుడైతే సాక్ష్యం చెప్పిన కాలానికే గాక, కేసుకు అవసరమైన నైపుణ్య పనికి కూడా తగిన ప్రతిఫలాన్ని కోర్టు అనుమతించవచ్చు. 26వ ఆర్డరు 10ఎ రూలు కింద శాస్త్రీయ పరిశీలనకు కోర్టే కమిషనర్‌ను నియమిస్తే, 15వ రూలు మేరకు ఖర్చును ముందుగా జమచేయించవచ్చు. ప్రైవేటు ఒప్పందంలోనూ వాయిదా రోజుకు సగం రుసుమో, ప్రయాణ ఖర్చు మాత్రమో అని రాసుకొంటే తరువాత మాటపట్టింపు ఉండదు.

గెలుపును బట్టి రుసుము

"కేసు గెలిస్తే రెట్టింపు ఇస్తాం" అన్న మాట కక్షిదారుల నోట వినబడేదే. న్యాయవాదులకు ఇటువంటి ఒప్పందం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. నిపుణుడికి ఆ నియమం వర్తించకపోయినా, గెలుపులో వాటా ఉన్నవాడి అభిప్రాయానికి విలువ ఏపాటిది? ఎదుటి న్యాయవాది మొట్టమొదట అడిగేది బిల్లునే. అందుకే బిల్లులో తేదీ, చేసిన పని, పట్టిన కాలం వరుసగా ఉండాలి. "సాంకేతిక సేవలు" అన్న ఒక్క పంక్తి కింద వేసిన పెద్ద అంకెను సమర్థించుకోవడం కష్టం.

రుసుము చెల్లించకపోతే పరికరాన్ని ఆపుకోవచ్చా? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను, తన శ్రమ, నైపుణ్యం వెచ్చించిన వస్తువును ప్రతిఫలం అందేవరకు అట్టిపెట్టుకొనే హక్కును, ఒప్పందం వేరుగా లేనప్పుడు, ఇస్తున్నది. కోర్టు అప్పగించిన వస్తువు విషయంలో ఈ హక్కును ఆశ్రయించడం తగదు. ప్రైవేటు పనిలోనూ అసలు డిస్కును పట్టి ఉంచడం కన్నా, బకాయి తీరాకే నివేదికను అందజేస్తామన్న షరతు మేలు. డిస్కును తిరిగి ఇచ్చేటప్పుడు హ్యాష్‌ను మరొకసారి లెక్కించి, ఆ విలువ, తేదీ, సమయం రాసిన రసీదు మీద కక్షిదారు సంతకం తీసుకొని, దాని ప్రతిని బిల్లుకు జతచేయాలి.