రాత్రివేళ నింగిలో బుడగలు

సూర్యాస్తమయమైన పిదప ఆకాశము ప్రశాంతముగా నుండునని మనము తలంతుము. కాని భూమికి దాదాపు 60 కిలోమీటర్లు మొదలు 1000 కిలోమీటర్ల ఎత్తువఱకు వ్యాపించియున్న అయనావరణమున, ముఖ్యముగా భూమధ్యరేఖా ప్రాంతములలో, అసలైన కల్లోలము అప్పుడే మొదలగును.

పగటివేళ సూర్యుని అతినీలలోహిత కిరణములు అక్కడి వాయుకణములనుండి ఎలక్ట్రానులను విడదీయును. ఇట్లేర్పడిన విద్యుత్కణముల సమూహమే ప్లాస్మా. చీకటి పడగానే క్రింది పొరలలోని కణములు త్వరత్వరగా మఱల కలిసిపోవును. 300 కిలోమీటర్ల ఎత్తుననున్న పొర అంత వేగముగా తఱుగదు. పైగా సంధ్యవేళ బలపడు విద్యుత్ క్షేత్రము దానిని ఇంకను పైకెత్తును. అందుచే దట్టమైన ప్లాస్మా పైనను, పలుచనిది క్రిందను నిలుచును. చెంబు అడుగున నూనె పోసి, పైన నీరు పోసిన నేమగును? నూనె ఊరకుండునా? గోళములై పైకి లేచును. పలుచని ప్లాస్మాయు అట్లే పైకెగయును. బుడగలని పిలుతురే గాని ఇవి చిన్నవి కావు. భూమి అయస్కాంత రేఖల వెంబడి ఉత్తర దక్షిణములుగా వేలకొలది కిలోమీటర్లు సాగును. అయినను కంటికి కానరావు.

1938లో పెరూ దేశమందలి హువాంకాయోలో బుకర్, వెల్స్ అను శాస్త్రజ్ఞులు, పైకి పంపిన రేడియో తరంగముల ప్రతిధ్వనులు రాత్రులందు చెదరి వచ్చుట గమనించి ప్రకటించిరి.

గాలి కదలికవలన నక్షత్రము మిణుకుమనునట్లు, ఈ బుడగలగుండా వచ్చు ఉపగ్రహ సంకేతములును మిణుకుమనును, ఒక్కొక్కప్పుడు తెగిపోవును. ఇది ప్రాణాంతకమును కావచ్చును. 2002 మార్చి 4న ఆఫ్ఘనిస్థానమందలి తాకుర్ ఘర్ శిఖరముపై శత్రువులు పొంచియుండిరి. అచ్చట దిగవలదని అమెరికా సైనికుల హెలికాప్టరునకు ఉపగ్రహముద్వారా పంపిన వార్త చేరలేదు. హెలికాప్టరు ఆ శిఖరమునకే పోయెను. నాటి పోరులో ఏడుగురు అమెరికా సైనికులు మరణించిరి. వార్త అందకపోవుటకు కొండల అడ్డుతోపాటు ప్లాస్మా బుడగయు కారణమై యుండవచ్చునని 2014లో పరిశోధకులు తెలిపిరి.

అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొనమీదుగా పోవుచున్నది. కనుక ఈ బుడగలు మనకు దూరపు సంగతి కాదు. తిరుపతికి సమీపమున గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల రాడారు వీనిని పరిశీలించుచున్నది. పగలు రాత్రి సమానముగానుండు మార్చి, సెప్టెంబరు నెలల ప్రాంతమున ఇవి మన దేశముపై అధికముగా పుట్టును. అయితే ఫలానా సాయంకాలము పుట్టునా, పుట్టదా యని ముందుగా నిశ్చయించి చెప్పుట నేటికిని కష్టముగనే యున్నది.