కచేరీ కుర్చీలో బిగుసుకున్న కాళ్లు

1980లో ‘శంకరాభరణం’ వచ్చాక శంకరశాస్త్రి కచేరి గురించి మాట్లాడుకోని తెలుగిల్లు లేదు. కానీ ఆ శాస్త్రిగారు జీతం పుచ్చుకున్న కచేరీ వేరు! జె.వి. సోమయాజులుగారు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టర్. శ్రీకాకుళం జిల్లా లుకలాంలో పుట్టి, విజయనగరంలో తమ్ముడు రమణమూర్తిగారితో కలిసి ‘కన్యాశుల్కం’ ఆడిన మనిషి. పగలు ఫైళ్లు, రాత్రి రంగస్థలం. అందుకే కుర్చీ ఆయన్ని కట్టిపడెయ్యలేదేమో అనిపిస్తుంది నాకు.

మరి ఆ రెండో కచేరి లేని మన గుమాస్తా సోదరుల సంగతేమిటి?

శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో ఏదైనా ఆఫీసుకి సాయంత్రం అయిదింటికి వెళ్లండి. బీరువా అడుగు అరలో ఫైలు తియ్యమనండి. ఒకాయన మోకాళ్లు ముడుస్తారు, ఇంకొకాయన బీరువా పట్టుకుని మూలుగుతారు, మూడో ఆయన అటెండరుని కేకేస్తారు. “ఏటి బావూ, నడుం పట్టేసిందా?” అని పక్క సీటు వాళ్ల పరామర్శ! నడుం సంగతి అలా ఉంచండి. చాలామందికి ముందు అడ్డుపడేది తొడ వెనక భాగం. డాక్టర్లూ, క్రికెట్ వ్యాఖ్యాతలూ ‘హామ్‌స్ట్రింగ్స్’ అనేది దాన్నే.

“నరాలు లాగేస్తున్నాయండీ” అంటాం గాని, చాలాసార్లు అవి నరాలు కావు, కండరాలు. ఒక్కో తొడ వెనక మూడేసి. మనం కూర్చున్నప్పుడు కుర్చీకి ఆనే పిరుదు ఎముక దగ్గర మొదలై, మోకాలు దాటి కిందికి దిగుతాయి. అంటే తుంటినీ, మోకాలినీ రెండింటినీ కదిలిస్తాయన్నమాట.

ఇక్కడే ఓ తిరకాసుంది. “కూర్చుని కూర్చుని కండరం పొట్టిదైపోయింది” అని అందరూ తేల్చేస్తారు. కానీ కూర్చున్నప్పుడు తుంటి దగ్గర అది సాగుతుంది, మోకాలి దగ్గర సడలుతుంది. నిజానికి రోజుకి ఎనిమిది గంటలు అటూ ఇటూ కాని మధ్య స్థితిలో పడి ఉంటుంది. పూర్తిగా సాగే అవకాశం నెలల తరబడి రాదు. అలవాటు లేని చోటికి తీసుకెళ్లేసరికి మెదడు ముందుగానే బ్రేకు వేస్తుంది. కొన్ని వారాల సాధనతో ఇంకాస్త వంగగలుగుతున్నామంటే, అందులో చాలా భాగం కండరం పొడుగెక్కడం వల్ల కాదనీ, ఆ లాగుడుని ఓర్చుకోవడం అలవాటు కావడం వల్లేననీ 2010లో వచ్చిన ఓ సమీక్షలో పరిశోధకులు వాదించారు. కనక బలవంతంగా లాగితే ఒరిగేదేమీ లేదు. రోజూ కాస్త కాస్త నచ్చజెప్పుకోవాలి.

నచ్చజెప్పడానికి ఎంతసేపు? 1994లో అమెరికాలో దీన్ని పరీక్షించారు. వారానికి అయిదు రోజులు, ఆరు వారాలు. పదిహేను సెకన్లు నిలిపి ఉంచినవాళ్ల కంటే ముప్ఫై సెకన్లు నిలిపినవాళ్లకి ఎక్కువ గుణం కనిపించింది. అరవై సెకన్లకి మాత్రం అదనపు లాభమేమీ లేదు. అరనిమిషం! టీ చల్లారే లోపు రెండు కాళ్లకీ అయిపోతుంది.

కుర్చీ అంచుకి జరగండి (చక్రాల కుర్చీ అయితే గోడకి ఆన్చండి). ఒక కాలు ముందుకి చాపి, మడమ నేలకి ఆన్చి, వేళ్లు పైకి పెట్టండి. వీపు నిటారుగా ఉంచి, తుంటి దగ్గర మాత్రమే ముందుకి వంగండి. గూని పెట్టి “అందేసింది!” అని సంబరపడితే సాగింది వీపు, తొడ కాదు. ఊగకండి. తొడ వెనక లాగినట్టుంటే చాలు, నొప్పి దాకా పోవద్దు. అరనిమిషం లెక్కపెట్టి కాలు మార్చండి. ఇంట్లో అయితే గుమ్మంలో వెల్లకిలా పడుకుని ఒక కాలు గోడకి ఆన్చి, రెండోది గుమ్మం అవతలికి చాపండి. ఇంట్లోవాళ్లు దాటుకుంటూ పోతారు, సిగ్గుపడకండి. లాగుడు మోకాలి కిందికి జివ్వుమని పాకినా, పాదం తిమ్మిరెక్కినా అది కండరం గొడవ కాకపోవచ్చు. సాధన ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

సాగదియ్యడమే కాదు, బలమూ కావాలి. ఆమదాలవలస ప్రాంతపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆవిడే. బార్‌ని నేల మీంచి లేపే ఆ మొదటి క్షణంలో తొడ వెనక కండరాలు సాగి ఉండి మరీ పనిచెయ్యాలి. మనకి బార్‌బెల్ అక్కర్లేదు. రెండు చేతుల్లో రెండు నీళ్ల సీసాలు పట్టుకుని, మోకాళ్లు కొంచెం సడలించి, వీపు వంచకుండా తుంటిని వెనక్కి నెడుతూ నెమ్మదిగా వంగి లేవండి. శ్రీకాకుళంలో కోడి రామమూర్తి పేరిట స్టేడియమే ఉంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పి, సర్కస్‌తో ప్రపంచం చుట్టిన ఆ ‘కలియుగ భీముడి’ పేరు చెప్పుకునే ఊళ్లో నీళ్ల సీసా ఎత్తలేమా!

సినిమా హీరో కాలు చెవి దాకా లేస్తే ఈలలు వేస్తాం. నాకైతే మన తప్పెటగుళ్లవాళ్లే అసలు హీరోలు. రొమ్ముకి రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు, పాడుతూ, వాయిస్తూ, వంగుతూ, ఎగురుతూ! విజయనగరంలో సిరిమానోత్సవం నాడు కుర్చీలో కూర్చోవడం కూడా ఘనకార్యమే అనిపించుకునేది మాను చివర ఎగిరే పూజారిగారికి ఒక్కరికే. మిగిలిన మనమంతా లేవవలసినవాళ్లమే.

అరసవల్లి సూర్యదేవుణ్ణి కొలిచేవాళ్లు సూర్యనమస్కారాలూ చెయ్యొచ్చు. పన్నెండు భంగిమల్లో రెండుసార్లు ముందుకి వంగడం ఉంటుంది. మొదట్లో మోకాళ్లు కాస్త మడిచినా దేవుడేమీ అనుకోడు.

ఒక మాట చెప్పెయ్యాలి. తొడలు సాగితే నడుంనొప్పి మాయమవుతుందని నేను హామీ ఇవ్వను. నొప్పికి కారణాలు బోలెడు. కింద పడ్డ పెన్ను ఎవర్నీ పిలవకుండా తీసుకోగలిగితే అదే నాకు పదివేలు.

ఈ వ్యాసం రాయడానికి ముందు నేనే వంగి చూశాను. వేళ్లు మోకాలి చిప్ప దగ్గర ఆగిపోయాయి. ఆరు వారాలయింది. ఇప్పుడు చీలమండ దాకా వస్తున్నాయి. నేలకి ఇంకా బెత్తెడు దూరం ఉంది.