తాబేలు నేర్పిన రేఖాగణితము

"సమబాహు త్రిభుజములో ప్రతి కోణమును 60 డిగ్రీలే గదా; మఱి లోగో భాషలో తాబేటిని 60 డిగ్రీలు తిరుగుమన్నచో త్రిభుజము రాక షడ్భుజి ఏల వచ్చుచున్నది?" అని లెక్కలు చెప్పు ఉపాధ్యాయులొకరు మాకు వ్రాసిరి. ఆ ప్రశ్నకు ఒక్క వాక్యములో బదులు చెప్పి ఊరకుండవచ్చును. కాని కంప్యూటరు పిల్లలకు గణితము నేర్పుటలో ఏ పనికి వచ్చునో తెలియవలెనన్నచో ఈ 60కిని, దానికి బదులు చెప్పవలసిన 120కిని నడుమనున్న రహస్యమును విప్పుటకంటె మంచి మార్గము లేదు.

లోగో అను కంప్యూటరు భాష 1967లో అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణమున, బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ అను పరిశోధన సంస్థలో పుట్టెను. వాలీ ఫ్యూర్జిగ్, సేమూర్ పాపర్ట్, సింథియా సాలమన్, డేనియల్ బోబ్రో దాని కర్తలు. ఆ కాలపు పిల్లలు టెలిటైపు ముందు కూర్చుండి మీటలు నొక్కగా, ఆజ్ఞలు టెలిఫోను తీగల మీదుగా దూరముననున్న యంత్రమునకు పోయి, సమాధానము కాగితముపై అచ్చయి వచ్చుచుండెను. లోగో అనగానే అందఱకు తాబేలు జ్ఞప్తికి వచ్చును గాని తొలి లోగోలో తాబేలే లేదు. 1968-69లో లెక్సింగ్టన్ పట్టణమునందలి మజ్జీ జూనియర్ హైస్కూలులో 7వ తరగతి విద్యార్థులు దానితో మాటలను, వాక్యములను, సంఖ్యలను కూర్చి ఆటలు కట్టిరి. లోగో చరిత్ర తాబేటితో ఆరంభమైనదని వ్రాయువారు ఈ సంగతి మఱచుచున్నారు.

అదే దశాబ్దమున స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో పాట్రిక్ సూపీస్ కంప్యూటరు చేత పిల్లలను కూడికలు, గుణకారములు అడిగించి, తప్పొప్పులు చెప్పించి, వారి ప్రగతిని బట్టి లెక్కల కాఠిన్యమును మార్పించుచుండెను. ఎక్కములు అప్పజెప్పించుకొనుటకు అంతటి యంత్రమేల? 1928లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో జన్మించి, 1958 మొదలు 1963 వఱకు జెనీవాలో జీన్ పియాజే చెంత పిల్లల బుద్ధి వికసించు తీరును పరిశీలించిన గణితజ్ఞుడైన పాపర్ట్, యంత్రము పిల్లవానిని నడపుట తలక్రిందుల వ్యవహారమనియు, పిల్లవాడే యంత్రమునకు నేర్పవలెననియు పట్టుపట్టెను. ఆ పట్టుదలకు దొరకిన ఆకారమే తాబేలు. మొదట అది పెన్ను అమర్చుకొని, నేలపై పఱచిన కాగితము మీద చక్రములతో నడచిన చిన్న యంత్రము. పిమ్మట తెరమీద కదలు గుర్తు. దాని పూర్వులు 1940ల చివర బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ నిర్మించిన, వెలుతురును వెదకుచు తిరుగాడిన యాంత్రిక కూర్మములు.

తాబేటికి తెలిసిన సంగతులు రెండే: తానున్న చోటు, తాను చూచుచున్న దిక్కు. ఎఫ్‌డి 100 అనిన నూఱడుగులు ముందునకు పోవును; ఆర్‌టి 90 అనిన ఉన్న చోటనే కుడివైపునకు లంబముగా మళ్ళును. ఇక పిల్లవాడు త్రిభుజమును గోరి, ఎఫ్‌డి 100, ఆర్‌టి 60 అని మూడు మాఱులు చెప్పును. మూడు గీతలు వచ్చును గాని మొదలును చివరయు కలియక, షడ్భుజిలో సగము మాత్రమే తెరమీద నిలుచును. ఆ క్షణమున ఉపాధ్యాయుడు 120 అని అందింపక, నేలమీద సుద్దతో త్రిభుజము గీసి, దానిపై నడువుమని పిల్లవానికి చెప్పవలెను. మూలకు చేరినప్పుడు అతని ముఖము ఇంకను తాను వచ్చిన గీత సాగిపోవు దిక్కునకే ఉండును. రెండవ గీతవైపునకు మళ్ళవలెనన్నచో దేహమును లంబకోణము దాటించి మఱి 30 డిగ్రీలు త్రిప్పవలసి వచ్చును. త్రిప్పినది 120, లోపలి 60 అనునది 180లో నుండి దానిని తీసివేయగా మిగిలినది. తాబేలు బాహ్యకోణమునే యెఱుగును, అంతఃకోణముతో దానికి పనిలేదు.

ధ్వజస్తంభము వద్ద బయలుదేరి గుడి చుట్టు ప్రదక్షిణము చేసిన భక్తుడు మరల అక్కడికే వచ్చి, మొదటి దిక్కునకే ముఖము పెట్టి నిలిచినచో, దారిలో ఎన్ని మూలలున్నను, మొత్తము మీద ఒక్క చుట్టు, అనగా 360 డిగ్రీలు తిరిగినట్లే; తాబేటి సంగతియు అంతియే. చతురస్రమున మూలకు 90, పంచభుజిలో 72, షడ్భుజిలో 60. అంతఃకోణముల మొత్తము 180, 360, 540 అని భుజములతో కూడ పెరుగుచు పోవును. బాహ్యకోణముల మొత్తము మాత్రము కదలదు. మాఱుదానిని ముందు చెప్పి, మాఱనిదానిని వెనుకకు త్రోసిన పాఠ్యక్రమము పొరపాటని నా నిశ్చితాభిప్రాయము.

ఇంతటితో ఆగినచో అసలు వినోదము పోగొట్టుకొందుము. తాబేటిని ప్రతి మూలయందు 144 డిగ్రీలు తిరుగుమని చెప్పి చూడుడు. అయిదు గీతలతో అయిదు కొనల నక్షత్రము వచ్చును! 144ను అయిదింతలు చేసిన 720, అనగా రెండు పూర్తి చుట్లు. ఎప్పుడు మొదటి చోటునకు వచ్చునో ముందుగానే చెప్పవచ్చునా? చెప్పవచ్చును. తిరిగిన మొత్తము 360కి గుణిజమైనప్పుడే దారి మూసుకొనును గనుక, మనకు కావలసినది 360, 144ల కనిష్ఠ సామాన్య గుణిజము: 720. దానిని 144 చేత భాగించిన భుజముల సంఖ్య 5, 360 చేత భాగించిన చుట్ల సంఖ్య 2. 135 డిగ్రీలు ఇచ్చిన క.సా.గు. 1080, ఎనిమిది కొనలు, మూడు చుట్లు. క.సా.గు. అను మాట వినగానే నిచ్చెన భాగహారమును తలచుకొని విసుగుకొను బాలుడు, తన నక్షత్రమునకు కొనలెన్ని వచ్చునో తెలిసికొనుటకు దానినే ఆశతో గణించును. బాల్యమున పండ్లచక్రములను త్రిప్పి ఆడుకొని, వాని నుండియే రెండు అజ్ఞాతరాశుల సమీకరణములను గ్రహించిన పాపర్ట్‌కు ఇట్టి యంత్రము స్ఫురించుటలో వింత లేదు.

వృత్తము సంగతి ఇంకను సొగసైనది. ఒక్కడుగు ముందునకు, ఒక్క డిగ్రీ కుడికి, ఇట్లు 360 మాఱులు: కంటికి వృత్తమే. కేంద్రము లేదు, వ్యాసార్ధము లేదు, వర్గముల సమీకరణము లేదు. వక్రత అంతటను సమానముగా నుండుటయే వృత్తత్వమను కలన గణిత భావము, ఆ పేరు వినని పిల్లవాని చేతికి వచ్చినది.

1980లో పాపర్ట్ 'మైండ్‌స్టార్మ్స్' గ్రంథము వెలువడిన పిమ్మట లోగో అనేక పాఠశాలలకు పాకెను. 1984లో న్యూయార్కులోని బ్యాంక్ స్ట్రీట్ కళాశాల పరిశోధకులైన రాయ్ పీ, మిడియన్ కర్లండ్‌లు, లోగో నేర్చిన పిల్లలకు ఇతర పనులలో యోచనాశక్తి పెరిగినట్లు కనబడలేదని ప్రకటించిరి. ప్రోగ్రాము వ్రాయుట సర్వశక్తులను ప్రసాదించునని చెప్పినవారికి అది తగిన సమాధానమే; కాని బాహ్యకోణమును దేహముతో తెలిసికొనుటను ఆ పరీక్ష తూచలేదు. మన దేశమున 1984లో క్లాస్ అను పథకము క్రింద బ్రిటనులో తయారైన బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు సుమారు 250 పాఠశాలలకు వచ్చెను. అటుపిమ్మట మన పాఠ్యపుస్తకములలోనికి లోగోయు వచ్చెను గాని, ఎఫ్‌డి అనగానేమి, ఆర్‌టి అనగానేమి అని ప్రశ్నించి మార్కులు వేయుటతో దాని ప్రాణము పోయినది. ఇది నాకు మిక్కిలి బాధాకరము.

పైథాన్ భాషతో పాటు నేడు తాబేలు ఉచితముగా లభించుచున్నది. పాఠకులు దానికి 108 డిగ్రీలు ఇచ్చినచో ఎన్ని కొనలు, ఎన్ని చుట్లు వచ్చునో ముందుగా కాగితముపై గణించి, పిమ్మటనే తెరమీద నడిపింపుడు.