రాతిని తొలిచే ఉలి

మన కోనసీమలో నేల తవ్వితే వచ్చేది ఒండ్రు మట్టి, ఇసుక. ఇంటి పునాదికి రాయి కావాలంటే ఎగువ నుంచి రావలసిందే. 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర అక్కడి కొండల నుంచే రాయి తీయించాడు. అప్పటికి డైనమైట్ పుట్టనే లేదు. రాతికి రంధ్రం వేయాలంటే ఉలి, సమ్మెట, మనిషి భుజం, అంతే.

ఆ పాత పద్ధతి కొండలెక్కేవారి దగ్గర ఇంకా బతికి ఉంది. తెలంగాణలోని భువనగిరి బండ మీద శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పుడు 13 ఏళ్లే! చేతికి పట్టు దొరకని నున్నటి బండకు రంధ్రం తొలిచి, ఉక్కు బోల్టు బిగించి, దానికి తాడు తగిలిస్తారు. కాలు జారిందా, ప్రాణం ఆ బోల్టు మీదే.

ఉలి రాతిని కోయదు, నలగగొడుతుంది. ఒక కిలో సుత్తి సెకనుకు 5 మీటర్ల వేగంతో తగిలితే దాని గతిశక్తి ఎంత? ½mv² ప్రకారం 12.5 జౌళ్లు. ఆ కాస్త శక్తీ సన్నని అంచు మీద పడుతుంది కనుక రాయి పొడి అవుతుంది. దెబ్బ దెబ్బకూ ఉలిని కొంచెం తిప్పాలి. లేకపోతే అంచు అదే గాడిలో ఇరుక్కుపోతుంది. సుత్తి బరువైతే పని త్వరగా అవుతుందనుకోకండి. చేయి అలిసి గురి తప్పుతుంది, రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది, బోల్టు వదులవుతుంది.

గ్రానైటులోని క్వార్ట్‌జ్ కాఠిన్యం మోస్ కొలతలో 7. మామూలు ఉక్కు దాని ముందు త్వరగా మొద్దుబారుతుంది. అందుకే కొనకు టంగ్‌స్టన్ కార్బైడ్ అతికిస్తారు; దాని కాఠిన్యం సుమారు 9. కాని అది పెళుసు. సాన పట్టేటప్పుడు వేడెక్కిన కొనను నీళ్లలో ముంచితే చిట్లుతుంది. కొన అరిగితే రంధ్రం సన్నబడి బోల్టు సరిగా దిగదు. మీ ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే ఆ అరుగుదల తెలిసిపోతుంది.

ఉత్త ఉక్కు ఉలి సంగతి కమ్మరినడగండి. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, కాని గాజులా పగులుతుంది. అందుకని రుద్ది మెరిపించి మళ్లీ మెల్లగా వేడిచేస్తాడు. సుమారు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డి పసుపు, 300 దగ్గర నీలం కనిపిస్తాయి. అవి ఉపరితలంపై ఏర్పడే పలుచని ఆక్సైడు పొర చూపే రంగులు. కమ్మరికి అదే థర్మామీటరు! దెబ్బ తినే తలను మాత్రం మెత్తగానే ఉంచుతాడు. అది పుట్టగొడుగులా విచ్చుకుంటే అంచులు అరగదీయాలి. లేకుంటే ముక్కలెగిరి కంట్లో పడతాయి.

రంధ్రంలో పొడి మిగిలితే బోల్టు గోడను పట్టదు. బ్రష్షుతో, రబ్బరు గొట్టంతో శుభ్రం చేయాలి. ఆ సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. క్వారీ కూలీలు ఎందరో దానికి బలయ్యారు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలదు. ధూళిని ఆపే మాస్కు, కంటికి అద్దాలు ఉండాలి.

అన్నిటికంటే ముందు చేయవలసింది ఒకటుంది. మనం కొబ్బరికాయను వేలితో కొట్టి చూసినట్టు, బండను సుత్తితో తట్టి వినాలి. ఖంగుమంటే గట్టి రాయి. బొదబొదమంటే లోపల పగులుంది, ఇంకోచోట తొలవాలి.