పాత అంబాసిడరుకు కొత్త బ్రేకులు

అంబాసిడర్ కారు ఎక్కని తెలుగువాడు వుండవచ్చునేమో గాని, ఎరుగని తెలుగువాడు వుండడు. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ కారునే హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో మన కారుగా చేశారు. 2014లో ఆ తయారీ ఆగిపోయింది. కార్లు మాత్రం ఆగలేదు. మా దంతాలపల్లి ఇంట్లో వున్నది 1972 నాటి మార్క్ టూ. దాని చిక్కల్లా ఆగకపోవడమే!

వరంగల్లు నుంచి ఖమ్మం పోయే పెద్దరోడ్డు మా వూరి మీదుగానే పోతుంది. ఆ కారు పుట్టిననాడు ఈ దారిన ఎడ్లబండ్లు, ఎర్రబస్సులు. నేడు ముందుపోయే కొత్తకారు చటుక్కున ఆగుతుంది. వెనక మిరప బస్తాల లారీ తరుముకొస్తుంది. నడుమ పిల్లలతో మేము.

డ్రమ్ము బ్రేకంటే ఏమిటి? చక్రంతో తిరిగే ఇనుప గిన్నెలో రెండు షూలు విచ్చుకుని గోడను ఒరుసుకుంటాయి. రాపిడికి గిన్నె వేడెక్కి వ్యాకోచిస్తుంది, అంటే షూలకు దూరం జరుగుతుంది. పెడలు లోపలికి పోతూనే వుంటుంది. డిస్కు అలా కాదు. గాలి తగిలే పళ్లెం అది. ప్యాడ్లు రెండువైపులా పట్టకారుతో పట్టినట్టు నొక్కుతాయి.

డిస్కులు బిగించమని షెడ్డుకు పోతే తలనెరసిన మేస్త్రీ నవ్వాడు. "సారూ, ముందుకాళ్లు సక్కగ లేని ఎద్దుకు కొత్త పగ్గమేస్తే ఏం ఫాయిద?"

నిజమే. ఈ కారు ముందుభాగంలో చుట్టల స్ప్రింగులు వుండవు. టార్షన్ బార్లనే రెండు ఉక్కు కడ్డీలు మెలితిరిగి బరువు మోస్తాయి. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు వాలుతుంది. బుష్షులు అరిగి, షాక్ అబ్జార్బర్లలో నూనె కారిపోయి వుంటే, బ్రేకు ఎంత గట్టిగా పడితే కారు అంతగా పక్కకు లాగుతుంది. అందుచేత ముందు వాటినే మార్పించాను. కడ్డీలు విప్పేటప్పుడు ఎడమది, కుడిది తారుమారు కాకుండా మేస్త్రీ రంగుతో గుర్తులు పెట్టాడు.

ఇక డిస్కులు. తర్వాతి కాలపు అంబాసిడర్లకు ముందు డిస్కులు వచ్చాయి గనుక ఆ కుటుంబపు భాగాలే మేలు. డ్రమ్ములో షూను తిరిగే గిన్నే లాక్కుని బిగిస్తుంది. డిస్కుకు ఆ గుణం లేదు, కాలికి బలం ఎక్కువ కావాలి. ఇంజను పీల్పుతో పనిచేసే బూస్టర్ పెట్టేది అందుకే. డ్రమ్ముల మాస్టర్ సిలిండరులో గొట్టాలలో కొంత ఒత్తిడి నిలిపే కవాటం వుంటుంది. దాన్నే వుంచితే ప్యాడ్లు పళ్లేన్ని వదలవు. పైగా పాతదానిలో నూనెకు ఒకే దారి. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు సున్న! నన్నడిగితే డిస్కులకన్న ముందు కావలసింది రెండుదారుల సిలిండరే.

అసలు రూపం చెడదా అంటారు కొందరు మిత్రులు. 2021లో కేంద్రప్రభుత్వం తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా వున్నవే వింటేజ్ కార్లు. వాటి జోలికి నేను పోలేదు. తెలుగు పంతులను గదా, తాళపత్రంలో పాఠం దిద్దినా మూలపాఠాన్ని అడుగున చూపడం మా అలవాటు. పాత డ్రమ్ములకు గ్రీజు పూసి, గోనెసంచిలో కట్టి అటకమీద పెట్టించాను.

ప్యాడ్లు పళ్లేనికి అలవాటు పడేదాకా గట్టిగా తొక్కవద్దన్నాడు మేస్త్రీ. ప్రస్తుతం పొద్దున్నే తొర్రూరుదాకా పోయి వస్తున్నాను, ఒక్కణ్నే. పిల్లలతో మరిపెడ వైపు, లారీల మధ్యకు, వచ్చేవారం.