వలల కొట్టులో వర్ణశోభ

సముద్రతీర విహారస్థలమనగానే ఇసుక తిన్నెలు, హోటళ్లు, ఈతగాళ్ల సందడి మన మనస్సులో మెదలుతాయి. అటువంటి చోట ఒక చిన్న ప్రార్థనాలయం యావత్ ప్రయాణాన్నీ సార్థకం చేయగలదని ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని విల్‌ఫ్రాంష్ పట్టణంలో మాకు అనుభవమైంది. శిక్షణ నిమిత్తం ఆ దేశం వెళ్లిన మా ఇంజనీర్ల బృందానికి ఒక ఆదివారం విరామం లభించింది. నీస్ నగరం నుండి తూర్పుగా రైలులో కొద్ది నిమిషాల ప్రయాణంతో అక్కడికి చేరుకున్నాము.

కొండల నడుమ ఒదిగిన లోతైన సహజ రేవు, దాని అంచున రంగురంగుల ఇళ్లు, నీటిపై ఊగే పడవలు కనులపండువగా ఉన్నాయి. ఆ రేవు ఒడ్డునే జాలరుల ఆలయం ఉన్నది. ఇది పేతురు పేర వెలసినది. పేతురు స్వయంగా గలిలయ సముద్రంలో వలలు వేసిన జాలరి కనుక, తీరవాసులకు ఆయనపై అభిమానం సహజమే. కాలక్రమంలో ఆరాధన సన్నగిల్లి, శతాబ్దాల నాటి ఆ కట్టడం మత్స్యకారుల వలలు, సరంజామా దాచుకునే కొట్టుగా మిగిలిపోయింది.

దానికి పునర్జీవం పోసినవాడు జాఁ కోక్తో (1889–1963). ఆయన కవి, నాటకకర్త, చిత్రకారుడు, చలనచిత్ర దర్శకుడు. ఆప్తమిత్రుడైన యువ రచయిత రేమొఁ రాడిగే 1923లో మరణించగా, ఆ దుఃఖభారంతో మరుసటి సంవత్సరం ఈ ఊరికి వచ్చాడు. ఆలయానికి ఎదురుగా ఉన్న వెల్‌కమ్ హోటల్‌లో బస చేస్తూ మళ్లీ కలం పట్టాడు. దశాబ్దాలు గడిచినా, తనను సేదతీర్చిన ఊరిని ఆయన మరువలేదు. జాలరులను ఒప్పించి, 1956–57లో ఆలయాన్ని చిత్రాలతో అలంకరించాడు. అప్పటికి ఆయన వయస్సు మన పదవీ విరమణ వయస్సును ఎన్నడో దాటింది!

లోపల అడుగిడిన మేము కొంతసేపు మాటలు మరచాము. గోడలు, వంపు తిరిగిన పైకప్పు అంతటా బొమ్మలే. నిండైన రంగుల హంగు లేదు. సన్నని రేఖలు, లేతవర్ణాలు, వాటి మధ్య జ్యామితీయ ఆకృతులు ఉన్నాయి. డ్రాయింగు బల్లపై జీవితం గడిపిన మాకు ఆ గీతల పొదుపు ఎంతో ముచ్చట గొలిపింది. బైబిలు ఎరిగిన సహచరుడొకరు కథలు వివరించారు. దేవదూత ఆసరాతో పేతురు నీటిపై నడుస్తుంటే, చేపలు విస్తుపోతున్నాయి! మరొకచోట పేతురు తన గురువును ఎరుగనని బొంకిన ఘట్టం. ఇంకొకచోట దేవదూత ఆయనను చెరసాల నుండి విడిపించడం. వీటి సరసనే ఊరి యువతులకూ, సంచారజాతి ప్రజలకూ స్థానం లభించింది. పురాణపురుషుని పక్కన పొరుగువారిని నిలిపిన ఆ ఔదార్యం మమ్మల్ని కదిలించింది.

మమ్మల్ని మరింత ఆలోచింపజేసినది మరొకటి ఉన్నది. ఇంతటి చిత్రసంపద వచ్చిన తరువాత కూడా ఆలయం జాలరులకు దూరం కాలేదు. సందర్శకులు చెల్లించే ప్రవేశ రుసుము స్థానిక మత్స్యకారుల సంఘానికే చేరుతుంది. పేతురు పండుగైన జూన్ 29న అక్కడ ప్రార్థన జరుగుతుంది. వలలు దాచిన చేతులనుండి తాళంచెవి లాగుకొనక, ఆ చేతులకే ఆదాయాన్ని, గౌరవాన్ని అందించిన ఏర్పాటు ఇది.

సముద్రపు గాలి గోడలకు మిత్రుడు కాదని మన ఇంజనీర్లకు చెప్పనక్కరలేదు. తేమతో లోనికి చేరిన ఉప్పు, ఆరినప్పుడు స్ఫటికాలుగా మారి సున్నపు పూతను లోపలినుండే పెకలిస్తుంది. రేవు ఒడ్డున ఉన్న చిత్రాలను కాపాడడం ఒకనాటి ఉత్సాహంతో తీరే పని కాదు. అది ఏటేటా సాగవలసిన నిర్వహణ. గీసిన చేయి ఒక్కటే అయినా, కాపాడే చేతులు అనేకం కావాలి.

మన కర్మాగారాలలో, కాలనీలలో కూడా సామాను కొట్లుగా మారిన పాత కట్టడాలు లేకపోలేదు. పడగొట్టే పత్రంపై సంతకం చేసే ముందు, ఇది ఒకప్పుడు ఎవరిది, రేపు ఎవరికి అక్కరకు వస్తుంది అని ఒక్కసారి విచారించడం మన విధి. ఆ ప్రశ్న అడిగేవారు ఉన్నచోట వలల కొట్టు సైతం ఊరికి వెలుగు కాగలదు.