వామన ప్రతిరక్షకము



“నానోబాడీ” యను మాట యిటీవల పత్రికలలో కనబడుచున్నది. నానో యూరియా సీసాలను చూచిన మన రైతులు కొందఱు ఇదియు నొక యెరువు గాబోలునని తలంపవచ్చును. మఱికొందఱు బాడీ యనగా దేహమే గదా యని “సూక్ష్మశరీరము” అని తెనిగింతురు. వేదాంతమున ఆ మాటకు వేఱర్థము స్థిరపడియున్నది గావున, ఆ యనువాదము చిక్కును హెచ్చించును గాని విడదీయదు.

మొదట యాంటీబాడీ సంగతి. 1891లో జర్మను వైద్యశాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ తన భాషలో వాడిన పదమున కిది ఆంగ్లరూపము. ఇందు బాడీ యనగా మనిషి మేను కాదు, ఒకానొక పదార్థము. విషము గాని రోగకారకము గాని రక్తమున జొచ్చినపుడు దానిని పోల్చి పట్టుకొనుటకై శరీరము పుట్టించుకొను మాంసకృత్తు అది. కావుననే “ప్రతిదేహము” అనుటకంటె “ప్రతిరక్షకము” అనుట నాకు సమంజసముగా దోచుచున్నది. యాంటీబయాటిక్కు వేఱు, అది బాక్టీరియాను అణచు మందు.

ఇక “నానోస్” అనగా గ్రీకుభాషలో మరుగుజ్జు. కొలతలలో నానో యనగా నూఱుకోట్లవ వంతు. ఎరువు సీసాపై నున్నదియు నీ మాటయే గాని, వస్తువులకు చుట్టఱికము లేదు. సాధారణ ప్రతిరక్షకమున రెండు పెద్ద గొలుసులు, రెండు చిన్న గొలుసులు కలసియుండును. దాని తూకము సుమారు 1,50,000 డాల్టనులు. డాల్టను అణువుల తూకమునకు మానము. నానోబాడీ తూకము 15,000 మాత్రమే. పదియవ వంతయ్యు పట్టు విడువదు. బలి కథ నెఱిగిన మనకు “వామన ప్రతిరక్షకము” అను పేరు బోధపఱుపనక్కఱలేదు.

ఈ వామనుని జన్మస్థానము ఒంటె నెత్తురు. ఒంటెల ప్రతిరక్షకములలో కొన్నింటికి చిన్న గొలుసులే లేవని 1993లో బ్రస్సెల్సు పరిశోధకులు ప్రకటించిరి. పెద్ద గొలుసు కొనను మాత్రము వేఱుచేసినను అది తన పని తాను చేయును. ఆ కొనయే నానోబాడీ. ఒంటె జాతివే యైన లామా, అల్పాకాలలోను ఇట్టివి గలవు. నానోబాడీ యనునది ఆబ్లింక్సు అను బెల్జియము కంపెనీవారి వ్యాపారనామము; నేడు అందఱును వాడుచున్నారు. పెద్దవి దూఱలేని సందులలో నిది దూఱును. కాని మూత్రపిండములు దీనిని త్వరగా వడకట్టి బయటికి పంపును. అందుచే కొన్ని మందులలో రెండు మూడింటిని జతచేయుదురు. సన్నని రక్తనాళములలో నెత్తురు గడ్డకట్టు నొక యరుదైన వ్యాధికి కాప్లాసిజుమాబ్ అను నిట్టి మందును 2018లో ఐరోపాలో అంగీకరించిరి.

మనకు దీని ప్రసక్తి పాముకాటు వలన గలదు. ఇప్పటి విరుగుడు గుఱ్ఱములకు విషమును కొద్దికొద్దిగా నెక్కించి, వాని రక్తమునుండి తీసిన ప్రతిరక్షకములే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికిని అది పనిచేయును. గుఱ్ఱపు మాంసకృత్తు కొందఱి యొంటికి పడకపోవుటయు గలదు. 2025లో డెన్మార్కు పరిశోధకులు మొదలగువారు 18 ఆఫ్రికా పాముల విషములకు ఎనిమిది నానోబాడీల మిశ్రమమును ప్రకటించిరి. ఎలుకలను 17 పాముల విషమునుండి అది కాపాడినది. మన కట్లపాము గాని పింజరలు గాని ఆ పట్టికలో లేవు, మనుష్యులపై పరీక్షయు కాలేదు. కావున ఉద్దానపు జీడితోటలో గాని, వంశధార క్రింది వరిగట్టుపై గాని కాటుపడినవానిని ఆలస్యము లేక ఆసుపత్రికి చేర్చి యడుగవలసినది ఆ గుఱ్ఱపు మందునే. అచ్చట దానిని ఏ.ఎస్.వి. అందురు.